రాయపురం రైల్వేస్టేషను: తెలుగు జిల్లాల వైపు నుంచి ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

చెన్నై నగరపు ఉత్తర భాగంలో, ఓడరేవుకు చేరువలో రాయపురం రైల్వేస్టేషను ఉంది. ఈనాడు అది శివారు రైళ్లు అర నిమిషం ఆగి సాగిపోయే చిన్న స్టేషను. చెన్నై బీచ్ స్టేషనుకూ, చాకలిపేట, బేసిన్ బ్రిడ్జి స్టేషన్లకూ మధ్య దాని స్థానం. దక్షిణ భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న ఇక్కడినుంచే బయలుదేరింది. దేశంలో అంతకు ముందే వెలసిన బొంబాయి బోరీబందరు, ఠాణే స్టేషన్ల తొలి భవనాలు నిలిచిలేవు. అందువల్ల నేటికీ నిలిచి ఉన్న స్టేషను భవనాల్లో రాయపురమే ప్రాచీనమైనదని చెబుతారు.

రాయపురాన్ని గురించి సాధారణంగా వచ్చే రచనలు ఈ ప్రాచీనత దగ్గరే ఆగిపోతాయి. స్తంభాలు, ప్రారంభోత్సవం, గవర్నరు ప్రసంగం, ఆపై ఉపేక్ష అనే వరుసలో కథ నడుస్తుంది. ఆ కథలో తెలుగు ప్రాంతాల ప్రసక్తి ఉండదు. మరోవైపు మద్రాసుతో తెలుగువారి సంబంధాన్ని చర్చించే రచనలు దామెర్ల నాయకుల దానపత్రం, చెన్నప్ప పేరు, ముద్రణాలయాలు, పత్రికలు, పండితులు అనే అంశాల చుట్టూ తిరుగుతాయి. వాటిలో రైలు ప్రసక్తి ఉండదు. ఈ రెండు మౌనాలను ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. రాయపురం ఒక భవనంగా కంటే ఒక దారికి మొదటి కొసగా ముఖ్యమైనదనీ, ఆ దారిలో అధిక భాగం తెలుగు నేలమీదుగా సాగిందనీ, స్టేషను స్థాయిలో వచ్చిన మార్పులు మద్రాసుకూ తెలుగు జిల్లాలకూ మధ్య మారుతూ వచ్చిన సంబంధానికి సూచికలనీ ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

స్థలం, పేరు

రాయపురం అన్న పేరు వినగానే తెలుగు పాఠకునికి రాయలు స్ఫురించడం సహజం. కాని ఎక్కువ ప్రచారంలో ఉన్న వివరణ వేరు. తమిళ క్రైస్తవులు పునీత పేతురును రాయప్పర్ అని పిలుస్తారు. సముద్రపు ఒడ్డున పడవలు నడిపే జనం ఇక్కడ ఆ పేర చర్చి కట్టుకున్నారు. రాయప్పర్ పేరుమీదుగా ఆ పేట రాయపురమైందని ఆ వివరణ సారాంశం. ఓడరేవు కట్టడాలు రాకముందు మద్రాసులో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకులనూ మనుషులనూ అలల మీదుగా మసూలా పడవల్లో దించేవారు. ఆ పని చేసిన పడవవాళ్ల పేటే రాయపురం. రైలు రాకముందే అది రవాణా శ్రామికుల స్థావరం అన్న సంగతి గమనించదగినది.

రాయపురం పాత నల్లపట్టణపు ఉత్తర గోడకు వెలుపల ఏర్పడింది. దాని పొరుగున ఉన్న చాకలిపేట కంపెనీ వస్త్ర వ్యాపారంతో ముడిపడిన పేట. నేసిన గుడ్డను ఎగుమతికి ముందు ఉతికి చలువ చేసేవారు అక్కడ స్థిరపడ్డారు. మరికొంత ఉత్తరాన తండయారుపేట, కాలడిపేట నేతపనివారి నివాసాలు. స్టేషనుకు దగ్గరలోనే మణియగారు సత్రం ఉంది. 1782 నాటి కరవులో గంజికేంద్రంగా మొదలైన సంస్థ అది. నెల్లూరు సీమకు చెందిన వెంకటగిరి రాజావారి పేర ఉన్న సత్రం కూడా ఆ ఆవరణతో ముడిపడినదే. అంటే రైల్వేకంపెనీ ఎంచుకున్న చోటు ఖాళీ నేల కాదు. సముద్రం, గుడ్డ, అన్నదానం అనే మూడు వ్యవహారాలు అంతకు ముందే అక్కడ కలుసుకుని ఉన్నాయి. కోటకూ, వర్తకుల గిడ్డంగులకూ, పడవల రేవుకూ దగ్గర కావడం వల్లనే కంపెనీ ఆ స్థలాన్ని కోరుకుంది.

ప్రణాళిక, వాదవివాదాలు

మద్రాసు నుంచి రైలుమార్గం వేయాలన్న ఆలోచన 1845లోనే ఒక కంపెనీ రూపం దాల్చింది. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1852లో మద్రాసు రైల్వేకంపెనీ మళ్లీ ఏర్పడింది. 1853లో పనులు మొదలయ్యాయి. పెట్టుబడి లండనులో పోగైంది. దానిమీద నాలుగున్నర నుంచి ఐదు శాతం దాకా వడ్డీకి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలుకు రాబడి చాలకపోతే ఆ లోటును భారతదేశపు ఆదాయం నుంచి పూడ్చాలి. ఆనాటి మద్రాసు రాజధానిలో ఆదాయం అంటే ప్రధానంగా భూమిశిస్తు. కాబట్టి రైలెక్కని రైతు కూడా రైలుకు పూచీదారుడే.

అదే 1852లో తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వాన మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడి, బ్రిటిషు పార్లమెంటుకు ఒక మహజరు పంపింది. పన్నుల భారం, వసూళ్లలో జరిగే పీడన, న్యాయస్థానాల్లో ఆలస్యం, ఖర్చు అందులో ప్రధాన ఫిర్యాదులు. రోడ్లు, వంతెనలు, నీటిపనులు, విద్య అందులో ప్రధాన కోరికలు. ఈ జాబితాలో ప్రాధాన్యం పొందినది నీరు, రోడ్డు. అది గమనార్హం. శిస్తు వసూళ్లలో హింసను విచారించిన సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. అప్పటి గవర్నరు హారిస్ ప్రభువు. మరుసటి సంవత్సరం రాయపురం స్టేషనును ప్రారంభించినదీ ఆయనే. ఒకే గవర్నరు హయాములో, ఒకే ఖజానా మీద ఆధారపడి, హింసా విచారణ, రైలు ప్రారంభం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఈ రెండింటినీ వేరువేరు చరిత్రలుగా చదవడం అలవాటైంది గాని, శిస్తు కట్టిన వారి వైపు నుంచి చూస్తే అవి ఒకే లెక్కలోని రెండు పద్దులు.

రైలా, నీటిదారా అన్న చర్చలో తెలుగువారికి సుపరిచితుడైన ఆర్థర్ కాటన్ రెండో పక్షం వహించాడు. 1837 ప్రాంతంలో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రాళ్లు తరలించడానికి వేసిన పట్టాల దారితో ఆయన పేరు ముడిపడి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1852లో ముగించిన తరువాత ఆయన దృష్టి కాలువల మీదనే నిలిచింది. 1854లో వెలువరించిన గ్రంథంలోనూ, ఆ తరువాత దశాబ్దాల పాటూ, పొలానికి నీరిచ్చి పడవకు దారిచ్చే కాలువలే ఈ దేశానికి తగినవనీ, రైళ్లమీద పెట్టే డబ్బులో కొంత భాగంతో అంతకంటే ఎక్కువ మేలు సాధించవచ్చనీ వాదించాడు. ఆ వాదంలోని లెక్కలను తరువాతివారు ప్రశ్నించారు. అయితే రాయపురం నుంచి బయలుదేరిన దారి మొదట చేరింది కాలువలు ఎరుగని మెట్టసీమలను. అక్కడ ఈ ప్రశ్న ఇరవై ఏళ్లలోనే మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది.

ప్రారంభం

1856 జూన్ 28న హారిస్ ప్రభువు స్టేషనును ప్రారంభించాడు. జూలై 1 నుంచి రాయపురానికీ, ఆర్కాటు స్టేషనుగా వ్యవహరించిన వాలాజా రోడ్డుకూ మధ్య రాకపోకలు మొదలయ్యాయి. దూరం సుమారు 100 కి.మీ. బొంబాయిలో 1853 ఏప్రిల్‌లో, కలకత్తా దగ్గర 1854 ఆగస్టులో రైళ్లు మొదలయ్యాయి కనుక మద్రాసుది మూడో స్థానం. బండి పెట్టెలను మద్రాసులోని సింప్సన్ కంపెనీ తయారుచేసింది. ఎత్తైన స్తంభాల వరుసతో, విశాలమైన లోపలి శాలతో కట్టిన స్టేషను చిత్రాలు లండను సచిత్ర వారపత్రికలో అచ్చయ్యాయి. పెరంబూరులోని రైల్వే కర్మాగారం కూడా ఆ ఏడాదే వెలసింది. స్టేషను రాయపురంలో, కర్మాగారం పెరంబూరులో, సరుకు దింపే రేవు సముద్రపు ఒడ్డున ఉండటంతో ఉత్తర మద్రాసు రూపురేఖలు ఆనాడే నిర్ణయమయ్యాయి. పరిపాలన, ఉన్నత న్యాయస్థానం, పెద్ద తోట బంగళాలు నగరపు మిగతా భాగాల్లో పెరిగాయి. బరువు మోసే పని ఉత్తరానికి దక్కింది.

వాయవ్య మార్గం

రాయపురం నుంచి బయలుదేరిన దారి అరక్కోణం దగ్గర రెండుగా చీలింది. నైరుతి శాఖ 1862 నాటికి పడమటి తీరంలోని బేపూరు చేరింది. వాయవ్య శాఖ అదే 1862లో రేణిగుంట చేరి, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. తిరుత్తణి, నగరి, పుత్తూరు మొదలుకొని తుంగభద్ర దాటే దాకా ఈ శాఖ నడిచింది తెలుగు మాట్లాడే గ్రామాల మధ్యనే. మద్రాసు, బొంబాయి నగరాలను కలిపే దారిగా దీనిని ఉద్దేశించారు. రాయలసీమ అందులో మజిలీ మాత్రమే. రైలు తమకోసం కాక తమ మీదుగా వచ్చిందన్న స్థితి ఆ జిల్లాల ఆర్థిక చరిత్రలో తరువాత కూడా పదేపదే కనిపిస్తుంది.

ఈ దారి తెచ్చిన మార్పును కొలవడానికి మన సాహిత్యంలో ఒక విలువైన కొలబద్ద ఉంది. అది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న పల్లకీ బోయీలతో, పరివారంతో బయలుదేరి తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆ రచన 1838లో అచ్చయింది. అందులో దారి అంటే నీరు దొరికే చోటు, సత్రం, సరుకులు దొరికే పేట, వాగు దాటే వీలు, సుంకపు ఠాణా, బోయీల బలం. ప్రతి మజిలీకీ ఒక పేరు, ఒక గుణం ఉంటాయి. వీరాస్వామయ్య నడిచిన దారిలో మద్రాసు నుంచి కడప దాకా గల భాగానికి సమీపంగానే మూడు దశాబ్దాల తరువాత రైలు పట్టాలు పడ్డాయి. 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య నిజాం రాజ్యపు రైలు మొదలైన తరువాత, రాయచూరు, వాడి చుట్టుగా హైదరాబాదుకు కూడా రైలులోనే వెళ్లే వీలు కలిగింది. దానితో మజిలీల జాబితా స్టేషన్ల జాబితాగా మారింది. పాత బాటమీద సత్రాలకూ పేటలకూ ఉన్న ప్రాముఖ్యం స్టేషను పడిన ఊళ్లకు మళ్లింది. గుంతకల్లు, రేణిగుంట వంటి ఊళ్ల ఎదుగుదల పాత రాజధానుల వల్ల, క్షేత్రాల వల్ల వచ్చినది కాదు. పట్టాల కూడలి వల్ల వచ్చినది.

కరవు కాలం

1876, 1878 సంవత్సరాల మధ్య వచ్చిన మహాకరవు తెలుగువారి జ్ఞాపకంలో ధాత కరవుగా నిలిచింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నేటి అనంతపురం జిల్లా అప్పటికి బళ్లారిలో భాగం. బెంగాలు, బర్మాల నుంచి ఓడల్లో వచ్చిన బియ్యం మద్రాసు ఒడ్డున దిగి, రైలులో లోపలి జిల్లాలకు వెళ్లింది. అప్పటికి మద్రాసులో ఓడలకు ఆశ్రయమిచ్చే రేవు పూర్తికాలేదు. 1875లో మొదలైన పని ఇంకా సాగుతున్నది. బియ్యపు బస్తాలు పడవల్లోనే ఒడ్డుకు రావాలి. ఆ కరవు చరిత్రను 1878లో రెండు సంపుటాలుగా రాసిన పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ రచన ద్వారా, నాటి ప్రభుత్వ నివేదికల ద్వారా ఈ ధాన్యపు ప్రయాణం మనకు తెలుస్తున్నది.

రైలు లేకపోయి ఉంటే సముద్రం మీద వచ్చిన ధాన్యం గుత్తికీ ఆదోనికీ చేరేది కాదన్న మాట నిజం. ఎడ్లబళ్ల మీద తరలించడానికి ఎడ్లకే మేత, నీరు లేని కాలమది. అయితే రైలు చేరవేసింది ధాన్యాన్ని స్టేషను దాకానే. అక్కడినుంచి ఇరవై, ముప్పై మైళ్ల దూరాన ఉన్న గ్రామానికి మళ్లీ బండీ, ఎడ్లూ కావాలి. స్టేషనులో ధాన్యం ఉన్నా కొనే శక్తి లేనివాడికి అది లేనట్టే. పైగా రైలు ధరలను కూడా మోసుకొచ్చింది. ఎక్కడ ఎక్కువ ధర పలికితే అక్కడికి సరుకు మళ్లే వ్యవస్థలో, కరవు సోకని ఊరి ధర కూడా కరవు ధరే అవుతుంది. పట్టాల దారికి దగ్గరగా ఉండటం వరమూ శాపమూ కూడా అయింది. కాలువలా, రైళ్లా అన్న కాటన్ వాదం ఈ సందర్భంలోనే మళ్లీ పార్లమెంటు సంఘం ముందుకు వెళ్లింది.

కరవు తరువాత 1880లో నివేదిక ఇచ్చిన కరవు సంఘం రక్షణ కోసం మరిన్ని రైలుమార్గాలు అవసరమని చెప్పింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే, గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ చేరిన బళ్లారి కృష్ణా మార్గం ఆ ఆలోచన ఫలితాలే. రాయలసీమను కృష్ణా మాగాణితో నేరుగా కలిపిన మొదటి రైలుమార్గం ఈ విధంగా కరవు నుంచే పుట్టింది. అంతవరకు ఆ సీమకు ధాన్యం రావలసిన దారి రాయపురం దారి. ఆ తరువాత దానికి పోటీగా తూర్పు దారి ఏర్పడింది.

ఇదే కరవులో ఉపశమన పనిగా మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య కాలువను తవ్వి ఉత్తర, దక్షిణ కాలువలను కలిపారు. అప్పటి గవర్నరు పేర దానికి బకింగ్‌హాం కాలువ అన్న పేరు స్థిరపడింది. 1806లో ఎన్నూరు దాకా మొదలైన ఈ జలమార్గం క్రమంగా పులికాటు, కృష్ణపట్నం దాటి పెదగంజాం వద్ద కృష్ణా కాలువలతో కలిసింది. శ్రీహరికోట అడవుల కట్టెలు, తీరపు ఉప్పు, సున్నపు గుల్ల, డెల్టా బియ్యం పడవల్లో మద్రాసుకు వచ్చేవి. ఆ పడవలు ఆగే మడుగు వల్లనే బేసిన్ బ్రిడ్జి అన్న పేరు వచ్చింది. అక్కడికి దగ్గరలోని రైల్వే సరుకుల యార్డును సాల్ట్ కొటార్స్ అంటారు. ఇందులోని రెండో పదం మన కొటారుకూ, తమిళ కొట్టారానికీ చుట్టం. అంటే ఉప్పు కొటార్లు. ఆంగ్లంగా వినబడే ఒక స్టేషను యార్డు పేరులో ద్రావిడ పదం నిలిచి ఉండటం పదచరిత్రకారులకు ఆసక్తి కలిగించే విషయం.

వేళ, మాట

రైలు మన భాషకూ, కాలభావనకూ చేసిన మార్పు ప్రత్యేక పరిశోధనకు తగినది. ఇక్కడ రెండు అంశాలు మాత్రం ప్రస్తావిస్తాను.

మొదటిది వేళ. రైళ్లకు ఒకే గడియారం కావలసివచ్చినప్పుడు, 1870 ప్రాంతం నుంచి దేశంలోని రైల్వేలకు మద్రాసు వేధశాల కాలమే ప్రమాణమైంది. అది గ్రీనిచ్ కాలానికి 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందుండేది. 1906 జనవరి 1న నేటి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చేదాకా ఈ స్థితి కొనసాగింది. జాములతో, 24 నిమిషాల గడియలతో, ఊరి సూర్యోదయంతో లెక్కించుకునే సమాజంలోకి ఎక్కడో సముద్రపు ఒడ్డున ఉన్న నగరపు వేళ ప్రవేశించింది. పంచాంగపు కాలం శుభాశుభాలకు నిలిచింది. ప్రయాణానికి స్టేషను గంట ప్రమాణమైంది. ఒకే రోజును రెండు కాలమానాల్లో గడపడం అప్పుడే మొదలైంది.

రెండోది మాట. తెలుగు రైలును రెండు విధాల స్వీకరించింది. ఉన్న మాటలతో కూర్చుకున్నవి కొన్ని: పొగబండి, ఇనుపదారి, పట్టాలు, పెట్టె, బండి. పండితులు ధూమశకటం అన్నారు. విన్నట్టుగా తెచ్చుకున్నవి మరికొన్ని: రైలు, స్టేషను, టిక్కెట్టు, గార్డు, గేటు, సిగ్నలు. వీటిలో నిలిచినవాటిని పరిశీలిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. కదిలేదానికీ, మనిషి కూర్చునేదానికీ తెలుగు మాటలు నిలిచాయి. ఇప్పటికీ మనం బండి వచ్చింది, బండి తప్పింది, ఏ పెట్టెలో ఎక్కావు అంటాం. అధికారంతో, నియమంతో ముడిపడినవాటికి ఆంగ్లపదాలే మిగిలాయి. స్టేషను పల్లెనోట టేసను అయింది గాని దానికి దేశ్యపదం పుట్టలేదు. ధూమశకటం నిఘంటువులకూ, హాస్యానికీ పరిమితమైంది. బండి అనే మాట మరో ప్రయాణం కూడా చేసింది. మద్రాసు ఆంగ్లేయులు ఎడ్లబండినీ గుర్రపుబండినీ ఆ మాటతోనే పిలిచేవారు. ఆదానప్రదానాలు రెండువైపులా జరిగాయని ఇది చూపుతుంది.

ప్రాధాన్యం తగ్గిన క్రమం

రాయపురం ప్రాధాన్యం ఒక్క రోజున పోలేదు. మూడు నిర్ణయాలు దానిని క్రమంగా వెనక్కి నెట్టాయి.

మొదటిది 1873లో పార్క్‌టౌనులో సెంట్రల్ స్టేషను కట్టడం. నగరం దక్షిణానికీ పడమటికీ విస్తరిస్తున్నందున ప్రయాణికులకు ఆ చోటు అనుకూలం. కొంతకాలం రెండు స్టేషన్లూ నడిచాయి. రెండోది ఓడరేవు అవసరం. 1904 తరువాత ఫ్రాన్సిస్ స్ప్రింగ్ నాయకత్వాన రేవును తిరిగి తీర్చిదిద్దారు. సముద్రపు ఒడ్డు వెంట పట్టాలు దక్షిణానికి సాగాయి. 1907లో బీచ్ మార్గం పొడిగింపు తరువాత దూరపు బళ్లు రాయపురానికి బదులు సెంట్రల్‌లోనే ఆగసాగాయి. కొస స్టేషనుగా ఉన్నది దారిమధ్య స్టేషను అయింది. మూడోది పరిపాలన. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1922లో సెంట్రల్ పక్కన కొత్త ప్రధాన కార్యాలయ భవనం తెరుచుకుంది. అధికారులు కూడా వెళ్లిపోవడంతో రాయపురంలో మిగిలినవి సరుకులు, యార్డులు, నివాసాలు.

ఈ కాలంలోనే తెలుగు జిల్లాల వైపు కూడా ఒక పెద్ద మార్పు వచ్చింది. 1899లో మద్రాసు, బెజవాడ పట్టణాలను కలిపే ఈశాన్య మార్గం పూర్తయింది. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా కోస్తా అంతా మద్రాసుకు ఒక పగలు లేదా ఒక రాత్రి ప్రయాణమైంది. కాలువ పడవలో వచ్చే బియ్యం రైలులో రాసాగింది. విద్యార్థులు, వకీళ్లు, పుస్తక ప్రచురణకర్తలు, ఆ తరువాత నటులు, సాంకేతికులు ఈ దారినే మద్రాసు చేరారు. అయితే వారు దిగింది సెంట్రల్‌లో. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రచయితల మద్రాసు జ్ఞాపకాలలో సెంట్రల్ స్టేషనుకు ఉన్న స్థానం రాయపురానికి లేకపోవడానికి కారణం ఇదే. రాయపురం కాలం ధాన్యపు బస్తాల కాలం. బస్తాలు మోసినవారు ఆత్మకథలు రాయలేదు.

శివారు స్టేషనుగా

1931లో బీచ్, తాంబరం స్టేషన్ల మధ్య విద్యుత్ రైళ్లు మొదలై, మద్రాసు దక్షిణ శివార్లు ఆ దారి వెంట పెరిగాయి. మాంబళం, సైదాపేట, పల్లావరం ఎదుగుదలకు ఆ బండి ఒక ముఖ్య కారణం. ఉత్తర, పశ్చిమ మార్గాలకు ఆ సౌకర్యం చాలా ఆలస్యంగా వచ్చింది. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండికీ, తిరువళ్లూరుకూ విద్యుత్ రైళ్లు 1979లో గాని రాలేదు. దాదాపు ఐదు దశాబ్దాల ఈ వ్యత్యాసం నగరపు రెండు భాగాల మధ్య ఏర్పడిన అంతరాన్ని స్పష్టంగా చూపుతుంది. దక్షిణాన రైలు ఇళ్లను తెచ్చింది. ఉత్తరాన అది కర్మాగారాల మధ్య, యార్డుల మధ్య సరుకు బళ్లకు దారి ఇస్తూ నడిచింది.

నేడు రాయపురంలో ఆగేవి బీచ్ నుంచి అరక్కోణం, గుమ్మిడిపూండి వైపు వెళ్లే లోకల్ బళ్లు. ఓడరేవు, కాశిమేడు చేపలరేవు, స్టాన్లీ ఆసుపత్రి, పారిస్ ప్రాంతపు టోకు అంగళ్లు చుట్టుపక్కలే ఉన్నందున ఈ దారి సీజన్ టిక్కెట్టు మీద పనికి వచ్చిపోయేవారిది. అరక్కోణం 1856 నాటి తొలి మార్గం మీదనే ఉంది. గుమ్మిడిపూండి దాటిన తరువాత కొన్ని శివారు బళ్లు రాష్ట్రపు ఎల్లను కూడా దాటి సూళ్లూరుపేట దాకా వెళతాయి. ఒకనాడు శ్రీహరికోట కట్టెలు పడవల్లో మద్రాసు చేరాయి. ఇప్పుడు శ్రీహరికోట అంతరిక్షకేంద్రానికి దగ్గరి స్టేషనైన సూళ్లూరుపేట చెన్నై శివారు రైలు వ్యవస్థలో ఒక కొస. పరిపాలన రీత్యా కూడా గూడూరు దాకా గల మార్గం దక్షిణ రైల్వే చెన్నై డివిజనులోనే ఉంది. 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు కూడా ఈ భాగం చెన్నైతోనే నిలిచింది. రాష్ట్రాల ఎల్ల ఒకచోట, రైలు ఎల్ల మరోచోట ఉన్నాయి. దినదినం పనికోసం వెళ్లివచ్చే మనిషికి రెండో ఎల్లే నిజమైనది.

1953 వివాదం వెలుగులో

ఆంధ్రరాష్ట్ర నిర్మాణ సమయంలో మద్రాసు నగరం ఎవరిదన్న ప్రశ్న తీవ్రరూపం దాల్చింది. నగరం మొత్తం కాకపోయినా కూవం నదికి ఉత్తరాన ఉన్న భాగం ఆంధ్రకు చెందాలన్న వాదం ఒకటి వినిపించింది. ఆ వాదం నెగ్గి ఉంటే రాయపురం, ఓడరేవు, పెరంబూరు కర్మాగారాలు, ఉత్తరానికి వెళ్లే రైలుదారులన్నీ ఆంధ్రలో ఉండేవి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రావతరణ ఆ చర్చకు ఒక ముగింపు పలికాయి.

ఆ చర్చలో తెలుగు పక్షం ముందుకు తెచ్చిన ఆధారాలు ప్రధానంగా మూలాలకు సంబంధించినవి. 1639 నాటి దామెర్ల వెంకటాద్రి నాయకుని దానం, చెన్నప్ప పేరు, తెలుగు పేటల పేర్లు, వర్తక కుటుంబాల ప్రాచీనత అందులో ఉన్నాయి. ఇవి విలువైనవే. కాని మూలాలను బట్టి చేసే వాదానికి ఒక పరిమితి ఉంది. అది ఎవరు ముందు వచ్చారన్న ప్రశ్నకు జవాబిస్తుంది గాని, నగరమూ జిల్లాలూ ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడ్డాయన్న ప్రశ్నకు జవాబివ్వదు. ఓడరేవు నుంచి రాయపురం మీదుగా కడప, బళ్లారి దాకా, కాలువ మీదుగా కృష్ణా దాకా వ్యాపించిన సరుకుల, శ్రమల, వేళల వలయం రెండో ప్రశ్నకు సంబంధించినది. రాజకీయ వివాదం ముగిసిన తరువాత మొదటి రకం వాదం జ్ఞాపకంగా మిగిలింది. రెండో రకం సంబంధం సూళ్లూరుపేట లోకల్ బండి రూపంలో ఈనాటికీ నడుస్తున్నది. చరిత్ర రచనలో మాత్రం వీటి స్థానాలు తారుమారయ్యాయి.

ముగింపు

రాయపురం స్టేషను భవనాన్ని 2005లో పునరుద్ధరించారు. దానిని నగరపు మూడో పెద్ద కొస స్టేషనుగా అభివృద్ధి చేయాలన్న కోరిక చాలాకాలంగా వినిపించినా, ఆ స్థాయి తాంబరానికి దక్కింది. కాబట్టి రాయపురం ముందున్నది ప్రధానంగా స్మారకంగా నిలిచే భవిష్యత్తు. దేనికి స్మారకం అన్నది నిర్ణయం కావలసిన విషయం. స్తంభాల అందానికీ, తొలి రైలుకీ మాత్రమే అది స్మారకమైతే అక్కడినుంచి బయలుదేరిన దారి చరిత్ర మరుగునపడుతుంది. ఆ దారి చివర ధాత కరవులో బియ్యం కోసం ఎదురుచూసిన స్టేషన్లున్నాయి. ఆ దారికి పూచీపడిన శిస్తుదారులున్నారు.

ఈ పరిశీలన నుంచి తెలుగు పరిశోధకుల ముందుకు మూడు పనులు వస్తాయి. మొదటిది, రైలు రాకకు ముందు, తరువాత వెలువడిన తెలుగు యాత్రారచనలను పక్కపక్కన ఉంచి, దారి అన్న భావన ఎలా మారిందో వివరించడం. రెండోది, రాయలసీమ జానపద గేయాలలో, సామెతలలో, కరవు కథలలో రైలు ప్రస్తావనలను సేకరించి, జిల్లా మాన్యువళ్లతో, కరవు నివేదికలతో పోల్చిచూడటం. మూడోది, రైల్వే పదజాలంలో నిలిచిన తెలుగు మాటలను, నిలవని తెలుగు మాటలను వాడుక ఆధారంగా వర్గీకరించడం. ఈ మూడూ భాషాసాహిత్య విభాగాలే చేయగల పనులు. రైలుశాఖ రికార్డులలో బస్తాల సంఖ్య, చార్జీల వసూలు, బళ్ల రాకపోకలు దొరుకుతాయి. ఆ బండికోసం ఎదురుచూసినవారు ఆ అనుభవాన్ని ఏ మాటల్లో చెప్పుకున్నారో తెలుసుకోవడానికి తెలుగు మౌఖిక, లిఖిత సంప్రదాయాలనే ఆశ్రయించాలి.